వేసవికి మళ్లీ పాత ఇంటికి రమ్మంటున్నారు, పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా?

వడియాలకాకి
మా పెదనాన్నగారు ఆదివారం ఫోన్ చేశారు. ఈ వైశాఖంలో జొన్నవాడ బ్రహ్మోత్సవాలకి అందరూ పిల్లలతో సహా బుచ్చి (నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాలెం) దగ్గర మా పాత ఇంటికి రావాలి, పది రోజులు ఉండాలి. అడగడం కాదు, చెప్పడం. ఆయనకి ఎనభై ఒకటి. "ఇంకెన్ని వేసవులు చూస్తానో" అని చివర్లో ఒక మాట వదిలి ఫోన్ పెట్టేశారు, దాంతో ఎవరూ నోరెత్తలేదు. అప్పట్లో మేం మొత్తం పదకొండు మంది పిల్లలం. ఏప్రిల్ 23తో బడి అయిపోతే 24న బస్సెక్కేవాళ్లం, మళ్లీ జూన్‌లో బడి తెరిచే ముందు రోజే ఇంటిమొహం.

ఆ ఇల్లు ఎలాంటిదంటే, నాలుగున్నరకి లేపేసేవారు. బావి దగ్గర నాలుగు చేదలు నెత్తిన పోసుకోవాలి, విష్ణు సహస్రనామం అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, సినిమా మాటే లేదు. ఏకాదశి నాడు పెద్దవాళ్లు ఉపవాసం, పొయ్యి మీద మాకోసం ఏదో ఒకటి. రాత్రి ఏడున్నరకి అన్నాలు, తొమ్మిది లోపు లైట్లు ఆర్పేయాలి. ఇప్పుడూ అవే రూల్సట, కొత్తగా ఇంకొకటి చేరింది: ఫోన్లన్నీ తీసుకుని ఇనప బీరువాలో పెడతారట.

మా పాపకి పదమూడు, బాబుకి తొమ్మిది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు. వాడికి రోజూ గుడ్డు ఉండాలి. మా ఆయన "మీ వాళ్లు, నీ ఇష్టం" అని చక్కగా తప్పుకున్నాడు. ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు ఉంటే చెప్పండి, మీరు మీ పిల్లల్ని తీసుకెళ్లారా?

కావలికుర్రోడు
నాలుగున్నరకి లేవడమా! నేను ఆ టైంకి పడుకుంటా. పెదనాన్నగారు నన్ను దత్తత తీసుకుంటారేమో కనుక్కోండి.

ఒంగోలుగిత్త
తీసుకెళ్లండి, ఇందులో ఆలోచించేదేముంది? పది రోజులు గుడ్డు తినకపోతే ఎవడికీ ఏమీ కాదు. మా పిల్లల్ని చూస్తున్నా, కరెంటు పోతే పది నిమిషాలు కూర్చోలేరు. బావి అంటే యూట్యూబ్‌లో చూసిందే. తోసేయండి అంతే. బావిలోకి కాదు, ఊళ్లోకి.

గుండ్లకమ్మ
మీరేదో మడి ఇళ్లలోనే ఇవన్నీ ఉంటాయనుకుంటున్నారు గానీ మాదీ ఇదే కథ, దేవుడు వేరు, అంతే. మా జేజినాయన ఒంగోలు అవతల ఒక ఊళ్లో సంఘపెద్ద. తెల్లారి అయిదుకి కుటుంబ ప్రార్థన, మోకాళ్ల మీద. నిద్రలో జోగితే పక్కనున్నోళ్లు గిల్లాలి, అది రూలు. మే నెల వచ్చిందంటే చర్చిలో పది రోజులు వీబీఎస్, అంటే పిల్లలకి సెలవుల బైబిల్ బడి. అందరికీ అది పది రోజులైతే మాకు నలభై రోజులు, ఎందుకంటే ఇంట్లో కూడా కొనసాగేది. ఒక ఏడు ఆయన మాకు 119వ కీర్తన కంఠతా పట్టమని పెట్టాడు. బైబిల్లో అన్నిటికన్నా పొడుగు కీర్తన, 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున ఇరవై రెండు భాగాలు, ఒక్కోదానికి ఆలెఫ్, బేత్, గీమెల్ అని హెబ్రీ అక్షరాల పేర్లు. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో అదే వాళ్ల పేరు అయిపోయింది. మా చిన్నాయన కొడుకు సెలవులన్నీ అయినా మొదటి ఎనిమిది దాటలేదు. ఇప్పుడు వాడికి నలభై అయిదు, చెన్నైలో పెద్ద ఉద్యోగం, మాకింకా ఆలెఫే.

ఆదివారం అయితే ఏమీ కొనకూడదు, అమ్మకూడదు. కానీ పుల్ల ఐసు వాడు గంట కొట్టుకుంటా వచ్చేది సరిగ్గా ఆదివారం మధ్యాహ్నమే. మేమేం చేశామంటే, అప్పు పెట్టి తిన్నాం. కొనకూడదన్నారు గానీ అప్పు చేయొద్దనలేదు కదా. సోమవారం వాడు పొద్దున్నే వచ్చి జేజినాయన ముందు నిలబడి "అయ్యా, ఏడు ఐసులు" అన్నాడు. జేజినాయన డబ్బులిచ్చాడు, ఒక్క మాట అనలేదు. మాకు ఇంకో పదహారు వచనాలు పడ్డాయి. తమాషా ఏంటంటే ఆ వారం నుంచి శనివారం సాయంత్రమే ఆయనే ఐసులు కొనిపెట్టేవాడు, రేపటి వాటా అని. రేపటిదాకా ఉంటుందా ఐసు?

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, కరువు తర్వాత. మా ముత్తాత తండ్రి అందులో ఉన్నాడని జేజినాయన ప్రతి వేసవికీ చెప్పేవాడు. ఒంగోలు చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఇదే చెప్తారు, అందరిదీ కలిపితే ఇరవై వేలు దాటుతుంది లెక్క.

కావలికుర్రోడు
@గుండ్లకమ్మ ఆలెఫ్ గారికి నా నమస్కారాలు. నేను స్కూల్లో ఒకటో ఎక్కం దగ్గర ఆగిపోయిన వాణ్ణి.

మరచెంబు
పెద్దవాణ్ణి, అరవై ఆరు. కొంచెం ఓపిగ్గా చదవండి. మీరంతా నవ్వుతున్న ఆ నియమాల్లో అర్థం ఉంది. మా అమ్మ మమ్మల్ని ఒంగోలు నుంచి నెల్లూరు తీసుకెళ్లేటప్పుడు రైల్లో మరచెంబుతో ఇంటి నీళ్లు, విస్తరాకులో పులిహోర. స్టేషన్‌లో కుళాయి నీళ్లు ముట్టనిచ్చేది కాదు, బిట్రగుంటలో ఇంజన్ మార్చేదాకా ఎంతసేపు ఆగినా సరే కిందికి దిగనిచ్చేది కాదు. అప్పుడు తిట్టుకునేవాళ్లం. ఆ మే నెలల్లో ఎన్ని ఇళ్లలో వాంతులు, విరేచనాలు! మాకు రాలేదు. వండేవాళ్లు స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని వండితే రోగం తగ్గుతుందా పెరుగుతుందా? మడి అంటే శుభ్రత. దాన్ని మీరు చాదస్తం అంటున్నారు.

కారందోసె
@మరచెంబు శుభ్రత అయితే సంతోషమే సార్. కానీ మా అమ్మమ్మ ఇంట్లో మడి బట్ట దండెం మీద ఎత్తుగా ఆరేస్తే దాన్ని ఎవరూ తాకకూడదు, కర్రతో తీయాలి. ఆ కర్ర ఉతికింది ఎప్పుడో ఎవరికీ తెలీదు. పక్కింటి పిల్ల, నా ఫ్రెండే, శుభ్రంగా తలంటి పోసుకుని కొత్త గౌను వేసుకుని వచ్చినా వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. అది సబ్బుకి సంబంధించిన విషయం కాదు కదా.

మరచెంబు
అది అప్పటి కాలం. నేను దాన్ని సమర్థించడం లేదు. మంచిని చెప్తున్నాను.

కోటమిట్టగాలి
మా ఇంట్లో సెలవులంటే పొద్దున ఆరు నుంచి అరబ్బీ బడి. మిగతా పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మేం టోపీ పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగడం. అది అలవాటైపోయింది. అసలు పరీక్ష వేరే. 1986లో రంజాన్ ఎక్కువ భాగం మే నెలలో పడింది. నెల్లూరు, మే, నాకు తొమ్మిదేళ్లు, మొదటి రోజా, అంటే ఉపవాసం. తెల్లవారుజామున నాలుగు దాటాక నీళ్లు బంద్, సాయంత్రం ఆరున్నరకి మళ్లీ. మధ్యాహ్నం రెండున్నరకి బాత్రూంలోకి వెళ్లి కుళాయికి నోరు పెట్టేశాను. బయటికొస్తే దాదీ అక్కడే నిలబడి ఉంది. చొక్కా కాలర్ తడిసి ఉంది. ఒక్క మాట అనలేదు. ఇఫ్తార్‌కి అందరూ ఖర్జూరం తీసుకున్నాక నా దగ్గరికి వంగి చెవిలో "కుళాయి నీళ్లు బావున్నాయా" అని అడిగింది. దాదాకి చెప్పలేదు, చనిపోయేదాకా చెప్పలేదు. ఇంట్లో అందరూ నేను తొమ్మిదేళ్లకే రోజా ఉన్నానని చెప్పుకుంటారు. ఈ వేదిక మీదే మొదటిసారి చెప్తున్నా.

మా నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, ముప్పై మూడేళ్లకి చుట్టు తిరిగి వస్తుంది. సరిగ్గా 2019లో మళ్లీ మేలో పడింది. మా చిన్నోడికి పది. మొదటి రోజు మధ్యాహ్నం వాడు బాత్రూంలోకి వెళ్తే నేను టీవీ సౌండ్ పెంచాను.

గుండ్లకమ్మ
@కోటమిట్టగాలి టీవీ సౌండ్ పెంచాడంట! మీ దాదీ పోలికే మీది.

ఎర్రచొక్కా
మీ అందరికన్నా ఘోరం మాది. మా తాత నాస్తికుడు. నవ్వకండి, అంత నిష్ఠగల ఇల్లు జిల్లాలో ఇంకోటి ఉండదు. మాది అలగానిపాడు దగ్గరే, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారి ఊరు. ఆయన పుట్టింది కూడా మే 1నే, 1913లో, కాబట్టి మాకు మే డే అంటే ఉగాది, సంక్రాంతి, దీపావళి అన్నీ కలిపి. పొద్దున్నే జెండా, పాట, తర్వాత పెద్దవాళ్ల ఉపన్యాసం. నెలంతా రాత్రి భోజనాలయ్యాక పిల్లలకి క్లాసు. మామిడికాయలు కోసినందుకు అందరి ముందు లేచి ఆత్మవిమర్శ చేసుకోవాలి. "నేను వ్యక్తిగత లాభం కోసం" అని మొదలుపెట్టాలి, ఎనిమిదేళ్ల పిల్లోణ్ణి. మా జేజి పెంచలకోన నరసింహస్వామి పటం బియ్యం డబ్బాలో దాచుకునేది. చేట తీసుకుని వెళ్లి బియ్యం తీస్తున్నట్టు నటించి దండం పెట్టుకునేది. తాతకి తెలుసు. ఆ డబ్బా దగ్గరికి మాత్రం ఆయన ఎప్పుడూ వెళ్లేవాడు కాదు.

ఒంగోలుగిత్త
ఎర్రచొక్కా పోస్టుకి వంద మార్కులు. ఆత్మవిమర్శ అయ్యాక మామిడికాయలు వెనక్కి ఇచ్చేవారా?

ఎర్రచొక్కా
సమష్టి ఆస్తి అని పంచేవాళ్లు. కోసినోడికి టెంక.

నిర్వాహకుడు
కులాల పేర్లు ఎత్తిన రెండు పోస్టులు తీసేశాను. అడిగింది పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అని, దాని మీద ఉండండి.

గుండ్లకమ్మ
@వడియాలకాకి గుడ్డు, ఫోను అన్నీ పక్కన పెట్టు. నువ్వు ఇంత పెద్ద పోస్టు పెట్టింది ఆ రెండింటి కోసం కాదు. పాపకి పదమూడు అని ముందే రాశావు. అసలు సంగతి అదేనా?

వడియాలకాకి
అదే.

నిన్నటి నుంచి రాసి చెరిపేస్తున్నాను. మా ఇంట్లో వడియాల దగ్గర కాపలా నాది. డాబా మీద పాత పంచె పరిచి దొడ్డమ్మ వాళ్లు పొద్దున్నే పిండి వడియాలు పెడితే, ఒక నల్ల గొడుగు, ఒక కర్ర, నేను. కాకి వాలిందంటే నా పరువు పోయినట్టు. పదకొండు మందిలో ఆ ఉద్యోగం నాకొక్కదానికే ఇచ్చారని ఎంత గర్వమో చెప్పలేను. ఎండకి కాళ్లు కాలేవి, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండ. దిగేదాన్ని కాదు.

పదమూడో ఏడు వేసవిలో అక్కడ ఉండగానే నాకు మొదటిసారి అయింది. వెనక వసారాలో ఒక చాప, ఒక చెంబు, ఒక పళ్లెం. పళ్లెం కింద పెట్టి దూరం జరిగేవాళ్లు, నేను ముందుకొచ్చి తీసుకోవాలి. పక్కనే ఆవుల కొట్టం. ఆవులు వచ్చి నన్ను నాకేవి, వాటికి మడి లేదు. సాయంత్రం అందరూ పెన్న గట్టుకి, జొన్నవాడ గుడికి వెళ్తే వాళ్ల మాటలు దూరం అయ్యేదాకా వినేదాన్ని. అదంతా సరే. చిన్నపిల్లలు అక్క ఎందుకు అక్కడుంది అని అడిగితే పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు: "అక్కని కాకి ముట్టుకుంది". మా తమ్ముడికి ఆరేళ్లు. వాడు నిజంగానే నేను డాబా మీద కాపలా సరిగ్గా కాయక కాకి వచ్చి ముట్టుకుందని నమ్మాడు. దూరంగా నిలబడి "గొడుగు వేసుకోలేదా అక్కా" అని అడిగాడు. తర్వాత ఏడు ఆ గొడుగు ఇంకొకరికి ఇచ్చారు. పెద్దపిల్లవయ్యావు, పొరపాటున ముట్టుకుంటే వడియాలు, ఊరగాయలు పాడవుతాయి అని. నా పేరు ఇక్కడ ఇలా ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మిగతావన్నీ నాకు ఇష్టమే, అది కూడా నిజం. సహస్రనామం ఇప్పటికీ నోటికి వచ్చు, టెన్షన్ వచ్చినప్పుడు చదువుకుంటాను. పెదనాన్నగారు రాత్రి డాబా మీద పడుకోబెట్టి నక్షత్రాల పేర్లు చెప్పేవారు. ఆయనే. అదే మనిషి.

కారందోసె
చదివి చాలాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను. మాకూ కాకే.

సైదాపురంసూర్యుడు
మా అక్క విషయంలో నేను అలా అడిగిన తమ్ముణ్ణే. ముప్పై ఏళ్లు అయింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు మేమిద్దరం.

మరచెంబు
అమ్మా, బాధ అర్థమైంది. కానీ ఒక మాట. ఉమ్మడి కుటుంబంలో ఆడవాళ్లకి రోజంతా చాకిరీ. ఆ మూడు రోజులే వాళ్లకి విశ్రాంతి, దానికోసమే పూర్వం అలా ఏర్పాటు చేశారు. దాన్ని అవమానంగా చూడటం ఇప్పటి ఆలోచన.

కారందోసె
పదమూడేళ్ల పిల్లకి ఏం చాకిరీ నుంచి విశ్రాంతి సార్? వడియాల కాపలా నుంచా?

గుండ్లకమ్మ
విశ్రాంతి అయితే మంచం ఇస్తారు, చాప ఎందుకు? మీ ఇంట్లో ఆడవాళ్లని ఎప్పుడైనా అడిగారా విశ్రాంతిగా ఉందా అని? మేమూ పెద్ద గొప్పవాళ్లం కాదులెండి, మా ఇంట్లో దూరం పెట్టడం లేదు గానీ ఆడపిల్ల పూలు పెట్టుకుంటే లోకం పోకడ, గాజులు వేసుకుంటే లోకం పోకడ. ప్రతి దేవుడికీ లెక్కలన్నీ ఆడపిల్లల దగ్గరే.

ఎర్రచొక్కా
మా తాత దగ్గరా అంతే. సమానత్వం మీద క్లాసు జరిగేటప్పుడు టీలు కాచేది మా అత్తలు.

ఒంగోలుగిత్త
నేను పైన తొందరపడి రాశాను, వెనక్కి తీసుకుంటున్నా. ఇది గుడ్డు సమస్య అనుకున్నా. అయినా ఒక ప్రశ్న, ఇప్పటికీ ఆ ఇంట్లో అలాగే ఉందా? ముప్పై ఏళ్లలో మారి ఉండొచ్చు కదా.

వడియాలకాకి
తెలీదు. పెళ్లయ్యాక నేను వెళ్తే ఒకపూట, రెండు పూటలు. లెక్క చూసుకుని వెళ్లేదాన్ని. ఇప్పుడు మా పాపకి అసలు లెక్కే కుదరలేదు ఇంకా.

కోటమిట్టగాలి
పెదనాన్నగారితో కాదు, ముందు మీ దొడ్డమ్మతో మాట్లాడండి. మా ఇంట్లో కూడా చట్టం దాదాది, అమలు దాదీది.

మరచెంబు
రెండు రోజులు ఆగి రాస్తున్నాను. @గుండ్లకమ్మ అడిగింది మనసులో పడింది. మా చెల్లెలు కందుకూరులో ఉంటుంది, అరవై రెండు. రాత్రి ఫోన్ చేసి అడిగాను, ఆ మూడు రోజులూ నీకు విశ్రాంతిగా ఉండేదా అమ్మా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లోపలి పని లేదు కాబట్టి గొడ్లచావిట్లో పేడంతా నాతోనే ఎత్తించేవాళ్లు కదా అన్నయ్యా, నీకు తెలీదా" అంది. తెలీదు. అదే ఇంట్లో పెరిగాను. పైన రాసింది అలాగే ఉంచుతున్నాను, తీసేయడం లేదు.

కారందోసె
తీసేయకండి సార్. ఫోన్ చేశారు చూడండి, అది చాలామంది చేయరు.

కావలికుర్రోడు
మామూలుగా జోకు వేస్తాను, ఇవ్వాళ ఏం రావడం లేదు.

వడియాలకాకి
దొడ్డమ్మతో మాట్లాడాను. మొదట అర్థం కానట్టు "పాప బావుందా, జుట్టు ఊడుతోందా" అని ఏవేవో అడిగింది. నేను నేరుగా అడిగేశాను. అప్పుడు చిన్న గొంతుతో, "ఇక్కడ ఇప్పుడు ఎవరికి ఎప్పుడో మీ పెదనాన్నకి చెప్పేదెవరే? కోడళ్లు వచ్చి పదేళ్లయింది, ఒక్కరూ చెప్పరు, నేనూ అడగను. వసారాలో ఇప్పుడు వాషింగ్ మిషన్ పెట్టాం" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను పడుకున్న చోట వాషింగ్ మిషన్.

సంతోషించి పాపకి చెప్తే అది ఒప్పుకోలేదు. "అంటే అబద్ధం చెప్పాలా? ప్యాడ్ దాచుకుని తిరగాలా? నేను రాను, లేకపోతే నేనే తాతగారికి చెప్తాను, నాకు ఇలా ఉంటే లోపలే ఉంటా అని." అంత తేలిగ్గా అనేసింది. దాని వయసులో నేను కాకిని కూడా ఎదిరించలేదు.

ఎర్రచొక్కా
పాపకి మా తాత క్లాసు అక్కర్లేదు.

గుండ్లకమ్మ
దాన్ని చెప్పనివ్వు. కానీ ముందు నువ్వు ఫోన్ చెయ్యి. ఎనభై ఒక్కేళ్ల పెద్దాయనకి పదమూడేళ్ల పిల్ల ఎదురుగా నిలబడి చెప్తే ఆయన ఏమనాలో ఆయనకే తెలీదు, నోటికొచ్చింది అనేస్తాడు. ఆ దెబ్బ నువ్వు కాచుకో, పిల్ల మీద పడనివ్వకు.

వడియాలకాకి
చేశాను. ఇదిగో జరిగింది జరిగినట్టు. "పెదనాన్నా, పాపని తీసుకొస్తాను, దానికి ఆ రోజులు వస్తే అది అందరితో పాటే ఉంటుంది, వసారాలో ఉండదు. మీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పండి, మేం నెల్లూరులో రూం తీసుకుని పగలు వచ్చి పోతాం" అన్నాను. చేతులు వణికాయి, నలభై ఒక్కేళ్ల దాన్ని. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లైన్ కట్ అయిందనుకున్నాను. తర్వాత "దేవుడి గదిలోకి రాకుండా ఉంటే చాలు" అన్నారు. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆ వెంటనే "ఆ గొడుగు ఇంకా ఉంది, బట్ట మార్పించాను" అన్నారు. అంతే, ఫోన్ పెట్టేశారు. గొడుగు సంగతి ఆయనకి గుర్తుందని నేను అనుకోలేదు.

కారందోసె
దేవుడి గది మాటకి మీ పాప ఒప్పుకుందా?

వడియాలకాకి
"చూద్దాం" అంది. వాళ్ల తాత లాగే అంటుంది ఆ మాట. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి నాలుగు టికెట్లు తీశాను, పది రోజులకి కాదు, అయిదు రోజులకి. బాబుకి గుడ్డు సంగతి ఇంకా చెప్పలేదు.

కావలికుర్రోడు
బుచ్చి బస్టాండ్ దగ్గర ఆమ్లెట్ బండి ఉంటుంది అక్కా ఎక్కడో ఒకటి. పెదనాన్నగారికి చెప్పను. వచ్చేటప్పుడు వడియాలు మాత్రం కావలిలో ఒక పొట్లం దింపి వెళ్లాలి, రైలు అక్కడ కాసేపు ఆగుతుంది.